సజ్జకు కమ్మి ఎక్కడ

గురువారం కమిటీ వస్తుంది.
హెచ్.ఓ.డి. దొరస్వామి గారు నా టేబుల్ మీద
ఒక పట్టిక పెట్టి పోయినారు:
ఏ పద్ధతిలో చెప్పారు, ఎంత ఫలించింది,
ఒకటి, రెండు, మూడు.
అంకె వేస్తే చాలు.

ఏ సెక్షన్‌కి సుద్దముక్కతో చెప్పినాను,
నాకు చెప్పినట్టే.
బి సెక్షన్‌కి వీడియోలు ఇంటికి పంపి
క్లాసులో ఐదుగురిని ఒక గుంపు చేసి
ఐస్‌క్రీమ్ పుల్లలతో వంతెనలు కట్టించినాను.
గుంపులో ఒకరు కడతారు, ఒకరు బొమ్మ గీస్తారు,
ఒకరు జిగురు కోసమని చంద్రగిరి దాకా పోయి
మర్నాడు వస్తారు.
మిగిలిన ఇద్దరూ ఫోటోలో బాగుంటారు.

ఏ సెక్షన్ సగటు అరవై ఒకటిన్నర.
బి సెక్షన్ అరవై మూడు.
"కొత్త పద్ధతి గెలిచింది గదమ్మా, రాసేయండి" అన్నారు సారు.
పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేసినాను.
ఏ సెక్షన్ పరీక్ష పడింది గంగమ్మ జాతర వారంలో.
సగం మందికి చెవుల వెనక
బండ వేషం కుంకుమ ఇంకా పోలేదు.
ఆ ఒకటిన్నర మార్కు ఎవరిది,
పద్ధతిదా, గంగమ్మదా?

మూడు నెలల తరవాత
పాకాల బస్సులో దొరికినారు ఇద్దరు, ఏ సెక్షన్ వాళ్లే.
బెండింగ్ మూమెంట్ అంటే ఏందబ్బా అని అడిగినాను.
"మేడమ్, ఆ సెమిస్టర్ అయిపోయింది గదా!"
వాళ్లు నవ్వినారు. చిల్లర వెతుక్కుంటూ నేనూ నవ్వినాను.
దిగేముందు ఒకడు ఫుట్‌బోర్డు మీద తిరిగి
"ఆ సజ్జ మాత్రం గుర్తుంది మేడమ్" అన్నాడు.

ఆ సజ్జ.

ఆ పొద్దు నాకు తలనొప్పి.
గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన సజ్జ గీసి
కమ్మి అడుగున వేసినాను, దూలానికి వేసినట్టు.
రెండేళ్లుగా నోరు విప్పని మునిలత
వెనక బెంచీలో లేచి నిలబడింది.
"మా నాయన సజ్జకి కమ్మి పైనే ఏస్తాడు మేడమ్.
కింద ఏస్తే సెంట్రింగ్ ఇప్పిన్నాడే పడిపోతాదంట."
బోర్డు చూసినాను. దాన్ని చూసినాను.
ఎందుకో నాకు వెంటనే తట్టలేదు.
తట్టలేదనే చెప్పినాను.

ఎవరో రబ్బరు తీసి
బ్లేడుతో పైన ఒక గాటు పెట్టి
బల్ల అంచున పట్టి కొన వంచినారు.
గాటు నోరు తెరిచింది.
తిరగేసి వంచినారు. మూసుకుంది.
బల్ల చుట్టూ తలలు, తలల మీద తలలు,
"నన్ను చూడనీరా", "నువ్వు చూసినావు గదా",
నా సుద్దముక్క ఎవరి కాలి కిందో పొడైపోయింది.
బెల్లు కొట్టినారో లేదో నాకు తెలియదు.

ఇది పద్ధతే అనుకొని
ఈ ఏడు కావాలనే కమ్మి అడుగున గీసినాను.
గీసి ఆగినాను.
అరవై పెన్నులు కదిలినాయి.
స్కేలు పెట్టి, ఎర్ర ఇంకుతో,
నా తప్పును నాకంటే నేరుగా ఎక్కించుకున్నారు.
మూడో వరసలో ఒకడు చెయ్యి సగం ఎత్తి
తల గోక్కొని దించుకున్నాడు.
నా ముఖంలో జవాబు ముందే కనబడిందేమో.
తలనొప్పి నిజమైందో కాదో
పిల్లలకు తెలిసిపోతుంది.
నేనే తుడిచి నేనే సరి చేస్తే
సరైనది కూడా
అంతే చక్కగా ఎక్కించుకున్నారు.

గురువారం వచ్చింది. శాలువాలు, జీడిపప్పు, ఫైళ్లు.
"మీరు చేసిన కొత్త ప్రయోగం ఏందమ్మా?" అన్నారు పెద్దాయన.
"ఒకసారి తప్పు చేసినానండి" అన్నాను.
వినయం అనుకొని నవ్వి
మూడు వేసినారు.

సాయంత్రం వాన పట్టుకుంది.
కారు వచ్చేదాకా అందరూ
మా బ్లాకు సజ్జ కింద నిలబడినారు.
గోడ దగ్గర, సరిగ్గా పైన,
వేలు పట్టేంత చీలిక. అందులోంచి నీళ్లు.
ఎవరో మంచి మార్కులతోనే పాసై కట్టించి ఉంటారు.
నేను గొడుగు తెరిచి చూస్తా ఉండిపోయినాను.

మునిలత అయితే ఈపాటికి
కమిటీని పక్కకు జరగమనేది.